మూడు కిలోమీటర్ల మహాసంగ్రామం

ప్రపంచంలో పేరుమోసిన యుద్ధాలకు మూలం వెతుక్కుంటూ వెనక్కి వెళితే చివరకు జానెడో బారెడో నేల తేలుతుంది. ఆకాశం కోసం, అదీ లెక్కకు సరిగ్గా మూడు కిలోమీటర్ల ఆకాశం కోసం, పదకొండేళ్లు సాగిన యుద్ధం మాత్రం చరిత్రలో ఒక్కటే. అందులో చుక్క నెత్తురు చిందలేదు. సిరా మాత్రం ఏరులై పారింది. ఆ యుద్ధంలో ఒక పక్షానికి సేనాపతి, సైన్యం, భేరి మోగించేవాడు అన్నీ తానే అయినవాడు కిలోమీటరు బాబాయి. చరిత్రకారులు ఇంతవరకూ ఆయన్ను పట్టించుకోకపోవడానికి కారణం, ఆయన ఒక విమానాశ్రయంలో ఎంక్వైరీ కౌంటర్ వెనక కూర్చోవడమే కావచ్చు. అక్కడ కూర్చున్నవాడి ముఖం ఎవరూ చూడరు. వంగి, గాజుకున్న గుండ్రటి కన్నంతో మాట్లాడి వెళ్లిపోతారు.

బాబాయికున్న గుణం ఒక్కటే. దూరం విషయంలో "సుమారు" అన్న మాట చెవిన పడితే తట్టుకోలేడు. "ఇక్కడే", "పక్కనే", "రెండడుగులు వేస్తే వచ్చేస్తుంది" లాంటివి ఆయన దృష్టిలో పదిమందిలో అనరాని మాటలు. మరుగుదొడ్డి ఎటువైపని అడిగిన ఒక ప్రయాణికుడితో, "ఎడమవైపు పద్దెనిమిది మీటర్లండి. తొందరగా వెళ్తే పదమూడు సెకన్లు, నింపాదిగా అయితే ఇరవై. తమరెలా వెళ్దామనుకుంటున్నారు?" అన్నాడు. ఆ ప్రయాణికుడు పదమూడు సెకన్ల బాపతే. కానీ ప్రశ్న వినడానికే ఆయనకు ఇరవై పట్టింది.

ఆ విమానాశ్రయం చిన్నది. ఎంత చిన్నదంటే, సామాను తూచే యంత్రం దగ్గర ఎవరైనా తుమ్మితే రన్‌వే మీద ఉన్నవాడు చిరంజీవ అంటాడు. ఒక హాలు, పద్దెనిమిది ప్లాస్టిక్ కుర్చీలు, అందులో మూడిటికి వీపులు లేవు. రోజుకు ఒకే విమానం. అది పొద్దున తొమ్మిదికి ఇంకొక చిన్న విమానాశ్రయం నుంచి వస్తుంది, పదింటికి మళ్లీ అక్కడికే పోతుంది. అత్తారింటికీ పుట్టింటికీ తప్ప మూడో గడప ఎరగని పిల్లలాంటిది. కాబట్టి ఎంక్వైరీ కౌంటర్ దగ్గర ఎవరు అడిగినా అడిగే ప్రశ్న ఒక్కటే.

"ఏవండీ, విమానం ఎంతసేపట్లో చేరుతుంది?"

"తమరికి ఏ ఎంతసేపు కావాలి?"

"అందులో రకాలు కూడా ఉన్నాయా?"

"నాలుగండి. తలుపు మూసిన దగ్గర్నుంచి తెరిచేదాకా యాభై అయిదు నిమిషాలు. చక్రం కదిలిన దగ్గర్నుంచి ఆగేదాకా నలభై ఎనిమిది. నేల విడిచిన దగ్గర్నుంచి నేల తాకేదాకా ముప్పై తొమ్మిది. బెల్టు విప్పుకోండన్న దీపం దగ్గర్నుంచి మళ్లీ కట్టుకోండన్న దీపం దాకా ఇరవై రెండు. మనిషి మనిషిలా కూర్చునేది ఆ ఇరవై రెండు నిమిషాలే."

"అవన్నీ నాకెందుకండీ! అక్కడికి మా బావమరిది కారు తెస్తాడు. వాడితో ఏం చెప్పమంటారు?"

"బావమరిది గేటు లోపల నిలబడే మనిషా, బయట నిలబడే మనిషా?"

ఈలోగా విమానం పిలుపు వచ్చింది. ఆ ప్రయాణికుడు విమానం ఎక్కాడు గానీ జవాబుతో ఎక్కలేదు.

ఇంటి దగ్గర కూడా ఇదే వరస. బాబాయి భార్యను ఊరంతా పిన్ని అంటారు. "నాతో మొట్టమొదట మాట్లాడినప్పుడు నా కళ్ల గురించి ఏదో అంటాడనుకున్నా," అని పిన్ని అందరికీ చెబుతూ ఉంటుంది. "'మీ ఇంటికీ మా ఇంటికీ నాలుగు కిలోమీటర్ల ఆరువందల మీటర్లు' అన్నాడు. పోనీ తర్వాతైనా కళ్ల సంగతి ఎత్తాడా అంటే, ఎత్తాడు. వాటి మధ్య దూరం చెప్పాడు."

ఇక యుద్ధం సంగతి. పదకొండేళ్ల కిందట అవతలి విమానాశ్రయం గోడ మీద ఒక బోర్డు పెట్టారు. రెండు విమానాశ్రయాల మధ్య దూరం రెండువందల పదిహేడు కిలోమీటర్లని దాని మీద రాయించారు. ఎవరో ప్రయాణికుడు నోరు జారి ఆ సంగతి బాబాయి చెవిన వేశాడు. ఇవతలి హాల్లో పెచ్చులూడిన గోడ మీద, బాబాయి పుట్టకముందునుంచీ ఉన్నట్టు కనిపించే బోర్డులో, అదే దూరం రెండువందల పద్నాలుగు. బాబాయి ఆ రోజు అన్నం ముట్టలేదని పిన్ని అంటుంది. ముట్టాడు గానీ ఎన్ని ముద్దలో లెక్క తప్పిందని ఆయన అంటాడు.

మర్నాడు పదింటి విమానంలో, ఆఫీసు కాగితాల సంచిలో, మొదటి ఉత్తరం వెళ్లింది. అవతలి ఎంక్వైరీ కౌంటర్‌కు.

"అయ్యా, తమరి బోర్డులో మూడు కిలోమీటర్లు ఎక్కువగా ఉన్నవి. అవి తమరు ఎక్కడినుంచి తెచ్చుకున్నారో తెలియజేయగలరు."

దాని తర్వాతి రోజు తొమ్మిదింటి విమానంలో జవాబు దిగింది.

"అయ్యా, తమరి బోర్డులో మూడు కిలోమీటర్లు తక్కువగా ఉన్నవి. ప్రయాణికులు పోగొట్టుకున్న వస్తువుల గది మా దగ్గర ఉన్నది, వచ్చి వెతుక్కోవచ్చు. ఇంతకీ తమరు ఏ చివరనుంచి కొలిచారు?"

అంతే. అక్కడినుంచి రోజూ పదింటికి ఒక ఉత్తరం పోవడం, మర్నాడు తొమ్మిదింటికి జవాబు రావడం. ఆ అవతలాయన కూడా సామాన్యుడు కాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి. బాబాయి మాత్రం నాలుగు కాళ్లు ఒప్పుకుంటాడా? ముందు కాలికీ వెనక కాలికీ మధ్య దూరం చెబితే తప్ప అసలు కుందేలనే ఒప్పుకోడు. "తమరి స్కేలు ఎండకు సాగినదేమో చూసుకోగలరు" అని ఇటునుంచి పోతే, "తమరి స్కేలు పిసినారితనంతో ముడుచుకున్నదేమో విచారించగలరు. అది ఏ కొట్లో కొన్నారు?" అని అటునుంచి వచ్చేది. ఇద్దరి మధ్యా గాల్లో ముప్పై తొమ్మిది నిమిషాలే దూరమైనా పదకొండేళ్లలో ఒకరి ముఖం ఒకరు చూడలేదు.

"ఒకసారి విమానమెక్కి వెళ్లి తేల్చుకుని రావచ్చుగా!" అనేది పిన్ని.

"పిలవకుండా శత్రువు ఇంటికి వెళ్తామా? మర్యాదా అది?" అనేవాడు బాబాయి.

ఇలాంటి పరిస్థితిలో ఆ విమానాశ్రయానికి కొత్త మేనేజరమ్మ వచ్చింది. మొదటి ఉద్యోగం. ఇంకా ఖాయం కాలేదు. ఆర్నెల్లు చూసి ఖాయం చేస్తామన్నారు. కళ్లజోడు, కొత్త బ్యాగు, ప్రతి కాగితం మీదా తారీఖు వేసే అలవాటు. వచ్చిన రెండో సోమవారమే ఆమె బల్ల మీదకు హెడ్డాఫీసు ఉత్తరం వచ్చి వాలింది. హెడ్డాఫీసుకు లెక్కపెట్టడం తెలుసు గానీ చదవడం తెలియదని అక్కడివాళ్లకు పదకొండేళ్లుగా ఒక ధైర్యం. ఈ మధ్య అక్కడికి చదివే అలవాటున్న అధికారి ఎవరో వచ్చాడు. అదీ ప్రమాదం.

ఉత్తరంలో మూడు సంగతులున్నాయి. ఒకటి, కొత్త టైమ్‌టేబుల్ పుస్తకం అచ్చుకు వెళుతున్నది గనుక రెండు విమానాశ్రయాల మధ్య దూరం శుక్రవారంలోగా ఒకే అంకెగా తేల్చి పంపవలెను. రెండు, తేలిన మరుక్షణం ఈ ఉత్తర ప్రత్యుత్తరాలు నిలిపివేయవలెను. మూడు, పాత నిబంధనను గుర్తుచేయడమైనది: నెలకు ముప్పై రాతపూర్వక ప్రశ్నలు అందని ఎంక్వైరీ కౌంటర్‌ను ఎత్తివేసి, దాని స్థానంలో బోర్డు పెట్టవలెను.

మేనేజరమ్మ మొదటి సంగతి కింద ఎర్ర గీత గీసుకుంది. రెండోదాని కింద కూడా గీసుకుంది. దూరం తేలితే ఉత్తరాలు ఆగుతాయి, ఉత్తరాలు ఆగితే ముప్పై ప్రశ్నలు రావు, ముప్పై రాకపోతే కౌంటర్ పోతుంది, కౌంటర్ పోతే దాని వెనకున్న మనిషి పోతాడు. ఈ మెట్లన్నీ ఆ కాగితంలోనే ఉన్నాయి. కానీ కొత్త ఉద్యోగం ఖాయం కావలసిన మనిషి మూడోదాని మీద దృష్టి పెట్టడానికి గురువారం దాకా పట్టింది.

మంగళవారం బాబాయిని పిలిపించింది.

"ఎంక్వైరీ గుమాస్తా గారూ, కూర్చోండి. దూరం పద్నాలుగో పదిహేడో మనం శుక్రవారంలోగా తేల్చాలి."

బాబాయి కూర్చోలేదు. "శుక్రవారం ఎన్ని గంటలకమ్మా?"

"సాయంత్రం అయిదు. అయినా ఇందులో ఇంత గొడవేముందండీ? మూడు కిలోమీటర్లేగా! చెరి ఒకటిన్నర తగ్గండి. రెండువందల పదిహేనున్నర రాసేద్దాం."

బాబాయి ముఖం పాలిపోయింది. "దూరాన్ని బేరమాడతామా అమ్మా? రేపు విమానం కూడా బేరమాడితే? రన్‌వే ఒకటిన్నర కిలోమీటరు ఇవతల ఉందనుకుని దిగితే ఏం గాను?"

"పోనీ ఇదుగో, ఫోను ఉందిగా!" మేనేజరమ్మ ఫోను తెరిచి, మ్యాపు తీసి, ఇక్కడ ఒక వేలు అక్కడ ఒక వేలు పెట్టింది. "చూడండి. రెండువందల పదిహేను పాయింట్ ఆరు."

"ఏ వేలుతో పెట్టారు?"

"చూపుడు వేలు."

"మీ వేలు కింద ఎంత నేల ఉందో చూశారా? ఒకటిన్నర కిలోమీటరు. చిటికెన వేలు పెట్టండి."

చిటికెన వేలు పెడితే రెండువందల పద్నాలుగు పాయింట్ రెండు వచ్చింది. బొటనవేలు పెడితే రెండువందల పదిహేడు. వేళ్లు పది ఉన్నందుకు మేనేజరమ్మ ఆ రోజు మొదటిసారి దేవుణ్ణి నిందించింది. ఫోను బ్యాగులో పెట్టేసింది.

"వెళ్లిరండి గుమాస్తా గారూ. పాత ఫైళ్లు పంపండి. నేనే చూసుకుంటాను."

"ఎన్నేళ్లవి?"

"సుమారు..." అని నాలుక కరుచుకుని, "పదకొండేళ్లవి," అంది. బాబాయి ముఖంలో మొదటిసారి ఆమె మీద కొంచెం గౌరవం కనిపించింది.

ఫైళ్లు తోపుడుబండి మీద వచ్చాయి. సామాన్ల బండి. పదకొండేళ్ల యుద్ధం ఆమె గది సగం ఆక్రమించుకుంది. తాను పంపిన ప్రతి ఉత్తరానికీ బాబాయి నకలు ఉంచాడు. బుధవారమంతా చదివింది. చదువుతూ చదువుతూ రెండుసార్లు గట్టిగా నవ్వితే టికెట్ల అమ్మాయి లోపలికి తొంగిచూసింది. "తమరు కొలిచినది దూరమా, కోరికా?" అన్న ఉత్తరం దగ్గర మూడోసారి నవ్వి, మేనేజరమ్మ దాన్ని విడిగా పెట్టుకుంది.

గురువారం పొద్దున, అలవాటు కొద్దీ, ఉత్తరాల మీద తారీఖులు చూడడం మొదలుపెట్టింది. అప్పుడు ఒక వింత బయటపడింది. ముప్పై ఒక్క రోజులున్న నెలల్లో బాబాయి ముప్పై ఉత్తరాలే రాశాడు. ముప్పై ఒకటో తారీఖున ఆయనకు అవతలాయన మీద కోపం రాదు. ఏ సంవత్సరం చూసినా అంతే. ముప్పైన నిప్పులు చెరుగుతాడు, ముప్పై ఒకటిన చల్లబడతాడు, ఒకటో తారీఖున మళ్లీ భగ్గుమంటాడు. పోనీ, నెలాఖరు నీరసం అనుకుందామా అంటే ఫిబ్రవరి అడ్డొచ్చింది. ఫిబ్రవరిలో ఇరవై ఎనిమిది రోజులే. బాబాయి ఉత్తరాలు మాత్రం ముప్పై. మధ్యలో రెండు రోజులు పొద్దునొకటి, మనసాగక ఇంకొకటి, ఒకే సంచిలో పోయాయి. నాలుగేళ్లకొకసారి ఫిబ్రవరికి ఇరవై తొమ్మిది రోజులు వస్తే, మనసాగనిది ఒక్క రోజే.

ప్రపంచంలో కోపిష్ఠులు చాలామంది ఉన్నారు. లీపు సంవత్సరం చూసుకుని కోపం తెచ్చుకునేవాడు ఇంకొకడు లేడు. మేనేజరమ్మ హెడ్డాఫీసు ఉత్తరం బయటకు తీసి మూడో సంగతి మళ్లీ చదివింది. ఈసారి గీత గీయలేదు. కలం మూత పెట్టి ఎంక్వైరీ కౌంటర్ దగ్గరికి నడిచింది.

పదింటి విమానం వెళ్లిపోయింది. హాలు ఖాళీ. బాబాయి గాజు తుడుస్తున్నాడు. ఆమె కూడా అందరిలాగే వంగి కన్నంలోంచి అడిగింది.

"బాబాయ్ గారూ, ఒక ఎంక్వైరీ."

గుమాస్తా గారు బాబాయ్ గారు అయ్యేసరికి ఆయనకు అనుమానం వచ్చింది. "అడగండమ్మా."

"ఫిబ్రవరిలో మీకు కోపం ఎందుకు ఎక్కువవుతుంది?"

ఏ ప్రశ్నకైనా నాలుగు జవాబులుండే మనిషి. గుడ్డ మడతపెట్టాడు. విప్పాడు. మళ్లీ మడతపెట్టాడు.

"కూర్చోండమ్మా," అని తన కుర్చీ ఇవ్వబోయి, ఆమె వద్దంటే తనే కూర్చున్నాడు. "ఆయన ఒకప్పుడు అక్కడ సామాన్లు మోసేవాడు. ఒక రోజు బండి మీంచి పెట్టె జారి నడుం మీద పడింది. ఇక బరువు ఎత్తకూడదన్నారు. అందుకని ఆ కౌంటర్‌లో కూర్చోబెట్టారు."

"మీకెలా తెలుసు? ఒకరినొకరు చూడలేదంటారుగా?"

"నేను మొదట రాశానే, ఆ మూడు కిలోమీటర్లు ఎక్కడివని, దాని జవాబు వెనకాల చిన్న అక్షరాల్లో ఇంకో రెండు ముక్కలు ఉన్నాయి. 'ఇంకేమైనా అడగదలిస్తే ఈ నెలలోనే అడగగలరు. ప్రశ్నలు రావడం లేదని కౌంటర్ తీసేస్తున్నారు. ఒకటో తారీఖునుంచి నేను మళ్లీ సామాన్ల దగ్గర ఉంటాను' అని. ఆ అక్షరాలు వంకరగా ఉన్నాయమ్మా. మనిషి నిలబడి రాసినట్టు. కూర్చుంటే నొప్పో ఏమో ఆ రోజు."

మేనేజరమ్మ కన్నం దగ్గరికి ఇంకొంచెం వంగింది.

"నాకు ఆయన గొంతు తెలీదు, ముఖం తెలీదు. అక్షరాలు తెలుసు. ఇప్పుడు బాగా గుండ్రంగా ఉన్నాయి. తీరిగ్గా కుర్చీలో కూర్చుని రాస్తున్నాడు."

"మరి మర్యాదగా రోజుకో ప్రశ్న అడగొచ్చుగా? ఈ తిట్లెందుకు?"

"జాలిపడి అడిగితే మనిషికి తెలిసిపోతుందమ్మా. తిడుతూ అడిగితే ఎవరికీ అనుమానం రాదు."

బాబాయి గొంతు తగ్గించి, "ఇంకో మాట. మీరు అవతలాయనకు చెప్పకూడదు," అన్నాడు.

"చెప్పను."

"దూరం రెండువందల పదిహేడే. ఆయన చెప్పిందే నిజం. అటో రన్‌వే, ఇటో రన్‌వే, ఒక్కోటి కిలోమీటరున్నర. మనవాళ్లు పూర్వం కొలిచినప్పుడు ఆ రెండూ కలపడం మర్చిపోయారు. నాకు మొదటి వారంలోనే తెలిసింది."

పదకొండేళ్లుగా ఒక అబద్ధపు అంకెను, దాని పక్కన ఒక్క మీటరు కూడా అటూ ఇటూ కానివ్వకుండా, ఆ మనిషి కాపాడుకుంటూ వచ్చాడు. సుమారు అంటేనే సహించనివాడు. ఎంత కష్టమై ఉంటుందో మేనేజరమ్మకు అర్థమైంది.

తన గదిలోకి వచ్చి తలుపు వేసుకుని అవతలి విమానాశ్రయానికి ఫోను చేసి ఎంక్వైరీ కౌంటర్ అడిగింది. తాను ఎవరో చెప్పగానే అవతలాయన గొంతు మారింది.

"కొంపదీసి పెద్దాయనకేమైనా అయిందాండీ?"

"ఏం కాలేదు. బాగానే ఉన్నారు. దూరం తేల్చమని హెడ్డాఫీసు రాసింది. మీకూ రాసే ఉంటారు."

"రాశారండీ. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు." వెంటనే, "అమ్మా, ఒక్క మాట. ఆయనతో అనకూడదు మరి," అన్నాడు.

ఇవాళ ఇలాంటి మాట ఇవ్వడం ఆమెకు రెండోసారి. "అనను, చెప్పండి."

"రెండువందల పద్నాలుగే నిజమండి. ఆయనదే రైటు. మా బోర్డు రాసినవాడు నాలుగు రాయమంటే ఏడు రాశాడు. నాకు రెండో ఉత్తరం నాటికే తెలుసు."

మేనేజరమ్మ ఫోను ఈ చెవినుంచి ఆ చెవికి మార్చుకుంది. "మరెందుకండీ ఒప్పుకోలేదు?"

"ఒప్పుకుంటే ఉత్తరాలు ఆగిపోతాయిగా! మీ దగ్గర రోజుకొక్క విమానం. ఎవరు ఎంక్వైరీ చేస్తారు చెప్పండి? అడిగినా నోటితో అడిగి పోతారు గానీ కాగితం మీద ఎవడు రాస్తాడు? ముప్పై ప్రశ్నలెక్కడివి ఆయనకి? అందుకే నేను ప్రతి ఉత్తరం చివర ఒక ప్రశ్న తగిలిస్తూ వచ్చాను. మీ రిజిస్టర్లో చూసుకోండి. ఒక్క నెల కూడా ముప్పైకి తగ్గనివ్వలేదు."

"అంటే మీరు ఆయన కోసం..."

"పాపం పెద్దాయనండీ. ఆ కౌంటర్ తీసేస్తే దూరాలన్నీ ఎవరితో చెప్పుకుంటాడు? ఆ ఇంటావిడతోనేగా? ఆవిడ సంగతి కూడా మనం ఆలోచించాలి కదా!"

మేనేజరమ్మ ఫోను పెట్టేసి రిజిస్టరు తెప్పించుకుంది. రాతపూర్వక ప్రశ్నలు, నెలకు ముప్పై. అన్నీ ఒకే చేతిరాత. గుండ్రంగా, తీరిగ్గా, కుర్చీలో కూర్చుని రాసిన రాత.

అంటే ఇదన్నమాట లెక్క. అటువైపు మనిషిని నిలబెడుతున్నానని ఇటువైపు మనిషి, ఇటువైపు మనిషిని నిలబెడుతున్నానని అటువైపు మనిషి. మధ్యలో ఎనిమిదివేల ఉత్తరాలకు దగ్గర దగ్గర. ఎవరి రహస్యం వారిది. రెండు రహస్యాలూ ఇప్పుడు ఒక్క మేనేజరమ్మ పొట్టలో ఉన్నాయి. ఆమె ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. గడువు రేపు సాయంత్రం అయిదు.

శుక్రవారం మధ్యాహ్నం పిన్ని వచ్చింది. బాబాయి భోజనం డబ్బా మరిచిపోయాడట. డబ్బా కౌంటర్‌లో ఇచ్చి నేరుగా మేనేజరమ్మ గదిలోకి వచ్చి కూర్చుంది.

"ఏమ్మా, మా ఆయన్ని ఇంటికి పంపించేస్తారటగా?"

"ఎవరు చెప్పారండీ?"

"ఆయనే. నిన్న రాత్రి అన్నం తింటూ, 'సోమవారం నుంచి నేను ఇంట్లో ఉంటానేమో' అన్నాడు. అమ్మా, నేను ఒక్కటి చెప్తా విను. ఆయన మంచివాడు. చాలా మంచివాడు. ముప్పై రెండేళ్లు కాపురం చేశాను, పల్లెత్తు మాట అనలేదు. కానీ నిన్న ఒక్క పూట ముందుగా వచ్చాడు. పొయ్యికీ నాకూ మధ్య దూరం తక్కువుందట, వేడి తగులుతుందట. స్టూలు జరిపాడు. నేను ఎప్పటిలా కూర్చోబోయి కింద పడ్డాను. ఒక్క పూటకి!" పిన్ని ఆమె చేయి పట్టుకుంది. "ఎలాగైనా ఆయన్ని ఆఫీసులోనే ఉంచు తల్లీ. నీకు పుణ్యం ఉంటుంది."

మేనేజరమ్మ నాలుగున్నరకు కాగితం తీసుకుని తారీఖు వేసింది. జీవితంలో మొదటిసారి మనస్ఫూర్తిగా, నిబంధనలన్నీ పాటిస్తూ, ఒక్క అబద్ధమూ లేకుండా, దేన్నీ తేల్చని నివేదిక ఒకటి రాసింది.

"రెండు విమానాశ్రయాల మధ్య దూరం గురించి విచారించడమైనది. మొదటి పక్షంవారు రెండో పక్షంవారిదే సరియైన అంకె అనియు, రెండో పక్షంవారు మొదటి పక్షంవారిదే సరియైన అంకె అనియు అంగీకరించియున్నారు. ఇరుపక్షములు ఈ విధముగా తమ పొరపాటును ఒప్పుకున్నందువలన వివాదము మునుపటికంటే జటిలమైనది. కావున ఇరు కౌంటర్ల మధ్య రాతపూర్వక విచారణ కొనసాగుట అత్యవసరమని భావించడమైనది. ఇందుపై తమరి అభిప్రాయమేమి?"

చివరి ప్రశ్న ఆమెకు తెలియకుండానే వచ్చి కూర్చుంది. పెద్దల సహవాసం.

వారం రోజులకు హెడ్డాఫీసు జవాబు వచ్చింది. చదివే అలవాటున్న ఆ అధికారి నివేదికను నాలుగుసార్లు చదివాడట. అయిదోసారి చదవడం ఆరోగ్యానికి మంచిది కాదనుకున్నాడో ఏమో, "నివేదిక సమగ్రముగా ఉన్నది. విచారణ పూర్తియగువరకు ఉత్తర ప్రత్యుత్తరములు యథాప్రకారము జరుపవలెను. పుస్తకమునందు దూరము పరిశీలనలో ఉన్నట్లు ముద్రించబడును" అని రాశాడు. అదే కవరులో, ఆర్నెల్ల గడువు ఇంకా తీరకముందే, మేనేజరమ్మ ఉద్యోగం ఖాయం చేసిన కాగితం కూడా ఉంది.

ఆ పొద్దున బాబాయి కాగితాల సంచి విప్పి, అవతలాయన ఉత్తరం తీసి, కళ్లజోడు సవరించుకుని చదివాడు. "తమరి మొండితనం పొడవెంత? ఏ చివరనుంచి కొలవాలి?" అని ఉంది. "ఎంత పొగరు చూశారా అమ్మా!" అని హాలంతా వినపడేలా అరిచి, పెదవులు బిగబట్టి, చేతులు రుద్దుకుంటూ జవాబు రాయడానికి కూర్చున్నాడు. ఆ క్షణంలో ఆయనంత సుఖంగా ఉన్న మనిషి ఆ హాల్లోనే కాదు, ఆకాశంలోనూ లేడు.

విమానంలో సామాను ఎక్కుతుండగా పైలట్ టీ తాగడానికి మేనేజరమ్మ గదిలోకి వచ్చాడు. ఆ దారిలో పన్నెండేళ్లుగా విమానం నడుపుతున్న పెద్దమనిషి. ఎక్కువ మాట్లాడడు. ఆమె మంచి హుషారులో ఉండి, మాటవరసకు అడిగింది.

"మీరైనా చెప్పండి. పద్నాలుగా, పదిహేడా?"

"ఏమిటండీ?"

"ఇక్కడికీ అక్కడికీ దూరం. రెండువందల పద్నాలుగా, రెండువందల పదిహేడా?"

"రెండూ కాదండి. మేం నేరుగా వెళ్లం కదా! మధ్యలో సైన్యంవాళ్ల కాల్పుల మైదానం ఉంది. దాని మీదుగా ఎగరనివ్వరు. చుట్టూ తిరిగి పోవాలి. రెండువందల నలభై మూడు."

మేనేజరమ్మ చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది. "ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

"మరి ఇన్నేళ్లుగా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదేమండీ?"

"ఎవరూ అడగలేదండి," అని పైలట్ టీ పూర్తిచేసి, టోపీ పెట్టుకుని, విమానం నడపడానికి వెళ్లాడు.